పన్నెండో వాటా

బిష్కెక్,
6 సెప్టెంబరు 2003

అనార్ వదినా,

మన ఊరి మెలిస్ తెచ్చే నీలం పెట్టెలో పదకొండు మాత్రల సీసాలు, రక్తం పట్టే గొట్టాలు, చక్కెర చూసే పట్టీలు ఉన్నాయి. మన పోస్టాఫీసు ఫోను తీగ మళ్ళీ ఎవడో కోసుకుపోయాడట కదా. ఇక నా మాటలు కూడా ఈ పెట్టెలోనే వస్తాయి. రెండు వారాలకోసారి అది కొండెక్కుతుంది, రక్తంతో దిగుతుంది. నీ ఉత్తరం పక్క అరలో పెట్టు. కిందటిసారి ఉప్పు బస్తా కింద పెట్టి పంపావు, నలిగిపోయిన దాన్ని చదవడానికి నాకు అరపూట పట్టింది.

వదినా, ఇది నా నాలుగేళ్ళ పని. ఎత్తు కొండల మీద బతికే ఆడవాళ్ళకి చక్కెర జబ్బు ఎందుకింత మొండిగా ఉంటోంది, ఈ కొత్త మాత్రకైనా లొంగుతుందా అని చూడటం. ఐదు దేశాల్లో చూస్తున్నారు. మన దేశంలో ఎక్కడ చూద్దామని ప్రొఫెసర్ కుబత్ గారు అడిగితే సారీ-కుంగేయ్ అని నేనే అన్నాను. అక్కడ నర్సు మా వదిన, ఆమె సూది వేస్తే పిల్లలు కూడా ఏడవరు అని గొప్పలు చెప్పాను. నా పరువు నీ చేతిలో పెట్టానన్నమాట.

పద్ధతి సరిగ్గా విను. సగం సీసాల్లో మందు ఉంది, సగం సీసాల్లో ఉత్త సుద్ద. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. ఏది ఎవరిదో నీకు తెలియదు, నాకూ తెలియదు. కంపెనీ వాళ్ళ దగ్గర సీలు వేసిన కవర్లలో ఉంది. నెలకి ముప్ఫై మాత్రల సీసా ఒకటి, రోజుకి ఒకటి చొప్పున ఆరు నెలలు, ఎవరి సీసా వాళ్ళే వాడాలి. సుద్ద సంగతి ఆడవాళ్ళకి దాచకుండా చెప్పాలి, వాళ్ళు ఒప్పుకుని సంతకం పెట్టాలి. చెప్పకుండా ఇస్తే మోసం అవుతుంది.

అమ్మ సంగతి. పరిశోధన చేసేవాళ్ళ ఇంటి మనుషుల్ని చేర్చకూడదు. అది నియమం, నేను మార్చలేను. అమ్మ పాత మాత్రలే వాడాలి. కోపం నా మీద, చూపించేది నీ మీద. అన్నయ్య పోయాక ఈ ఆరేళ్ళూ ఆమెని ఓర్చుకున్నది నువ్వే, ఈ ఆరు నెలలు కూడా ఓర్చుకో.

నీ
బురులాయ్

*

సారీ-కుంగేయ్,
21 సెప్టెంబరు

చదువులమ్మకి,

అరపూట పట్టిందా? ఇంతకాలం అంత పెద్ద బడుల్లో చదివి వదిన చేతిరాత చదవలేకపోతే ఆ చదువు దేనికట. ఈసారి గుండ్రంగా రాస్తున్నాను.

మీ అమ్మకి కోపం వచ్చింది. నువ్వనుకున్నంత కాదు, దానికి మూడింతలు. పెట్టె విప్పుతుంటే వచ్చి నా పక్కన కూర్చుని సీసాలు ఒక్కొక్కటీ వెలుతురుకి పట్టి చూసింది. "ఊళ్ళో ప్రతి ముసల్దానికీ మందు పంపింది నా కూతురు. దాన్ని కన్నపాపానికి నాకు పాత బిళ్ళలు" అంది. నేను నియమం గురించి చెప్పబోయాను. చెవి వినపడనట్టు కూర్చుంది. ఆ చెవికి పక్క వీధిలో గొర్రె ఈనినా వినిపిస్తుంది.

ఆడవాళ్ళకి విషయం కాలిపా ఇంట్లో చెప్పాను. పదకొండు మందీ మన షెరినె వాళ్ళే కదా, నెలకొకరింట్లో కలిసి తినడం ఎలాగూ ఉంది, ఈ నెల వంతు ఆమెది. అత్తయ్య పెద్ద కాబట్టి పై చోట కూర్చుంది. కోడల్ని కాబట్టి టీ పోస్తూ నేను గుమ్మం దగ్గర. నువ్వు రాసిందంతా చదివాను. సుద్ద అనేసరికి నూనెలో వేయించిన బొర్సోక్ ముక్కలు నములుతున్న నోళ్ళన్నీ ఆగిపోయాయి. కాలిపా మాత్రం నవ్వి, సుద్దయితే వసంతానికి గోడలకి పూసుకుందాం అంది. టొక్తోబూబూ పెద్దమ్మ నవ్వలేదు. "నేల మీద పరిచిన ఒకే గుడ్డ చుట్టూ కూర్చుని ఒకే రొట్టె విరుచుకుంటాం. దానికి మందు, నాకు సుద్దా? నాకేం తక్కువని?" అని అడిగింది. తక్కువ కాదు పెద్దమ్మా, చీటీల్లో పడ్డట్టు పడుతుంది అన్నాను. ఆ మాటతో ఆమె ఇంకా నొచ్చుకుంది. మనిషి ఆరోగ్యం చీటీల్లో పడేదా అంది. దానికి నువ్వేం చెప్పమన్నావో కాగితంలో వెతికాను, దొరకలేదు.

చివరికి అందరూ సంతకాలు పెట్టారు. సీసాలు ఎవరి అంకె వాళ్ళకి ఇచ్చాను. తర్వాత మాంసం వచ్చింది, తిన్నాం. అత్తయ్య అరచేతులు చాచి దీవెన చెప్పింది, అందరం మొహాలు తుడుచుకుని లేచాం.

నువ్వేమీ బెంగ పెట్టుకోకు. పని బాగానే సాగుతోంది.

వదిన

*

బిష్కెక్,
18 అక్టోబరు

వదినా,

మొదటి నెల రక్తాలు చూశాను. మొదట సంతోషం వేసింది, తర్వాత అనుమానం వేసింది. రెండూ చెబుతాను.

పదకొండు మందికీ చక్కెర కాస్త దిగింది. కాస్తంటే కాస్తే, కానీ అందరికీ. వదినా, అలా జరగకూడదు. సగం మంది సుద్ద తింటున్నారు. నెల తిరిగేసరికి మంద రెండుగా విడిపోవాలి, ఒకటి వాగు దాటాలి, ఒకటి ఇవతలే ఉండాలి. మనవాళ్ళు పదకొండు మందీ వాగు మధ్యలో నిలబడ్డారు.

రెండోది. తిరిగి వచ్చిన సీసాలు పదకొండుకి పదకొండూ ఖాళీ. ఒక్క మాత్ర మిగల్లేదు. ఐదు దేశాల్లో ఎక్కడా ఇలా లేదట. మంచి ఊరు ఎంచావమ్మా అని ప్రొఫెసర్ గారు నా భుజం తట్టారు. నేను మాత్రం టొక్తోబూబూ పెద్దమ్మని తలుచుకున్నాను. కళ్ళజోడు రోజుకి మూడుసార్లు పోగొట్టుకునే మనిషి ముప్ఫై రోజుల్లో ఒక్క మాత్ర కూడా మర్చిపోలేదా?

మూడోది, అసలు ఇదే ముందు రాయాల్సింది. అమ్మ చక్కెర సగానికి దగ్గరగా పడిందని కాగితం అంచున చిన్నగా రాశావు. పాత మాత్రలతోనా? రొట్టె మానేసిందా? అమ్మ రొట్టె మానేస్తే ఆ సంగతి అంచున రాయవు, పేజీ నిండా రాస్తావు.

సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పు. ఎవరైనా ఎవరికైనా మాత్ర ఇచ్చారా? ఒక్కటైనా సరే. నీ మీద కోపగించను. తెలియకపోతే మాత్రం నేను గుడ్డిదానిలా నడుస్తున్నట్టే. నా లెక్కని నమ్మి రేపు వేలమందికి ఈ మాత్ర రాస్తారు.

బురులాయ్

*

సారీ-కుంగేయ్,
2 నవంబరు

చదువులమ్మకి,

సీసాలు ఖాళీగా వచ్చాయి, ఖాళీ అని రాశాను. మాత్రలు మిగిలితే తప్పు, మిగలకపోయినా తప్పేనా? ఈ ఊళ్ళో పద్దెనిమిదేళ్ళుగా సూదులు వేస్తున్నాను. నా మాట మీద అనుమానం పడ్డ మొదటి మనిషివి నువ్వు.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. ఎవరి మాత్రా ఎవరూ దొంగిలించలేదు.

కొండ దాటే పాస్ దారి మీద మంచు పడటం మొదలైంది. గొర్రెల్ని కిందికి తోలుకొచ్చారు. కాలిపాకి ఒంట్లో నలతగా ఉంది, రక్తం ఈ పెట్టెలో పంపుతున్నాను. అత్తయ్య పది రోజులుగా సరిగా తినడం లేదు. మాంసం వాసన పడటం లేదంటోంది, అరచేతులు దురద అంటోంది. వయసు మీద పడుతోంది కదా. నీకు రాయొద్దంది, అయినా రాస్తున్నాను.

వదిన

*

బిష్కెక్,
15 నవంబరు

వదినా,

కిందటి ఉత్తరంలో నిన్ను నొప్పించాను. నా తప్పే, క్షమించు. ఎందుకు చెబుతున్నానో కింద చదివితే తెలుస్తుంది.

కాలిపా రక్తంలో కాలేయం లెక్క నాలుగింతలు ఉంది. ఇంకో దేశంలో కూడా ఇద్దరు ఆడవాళ్ళకి ఇలాగే అయిందట, అందులో ఒకామె ఆసుపత్రిలో ఉంది. మాత్ర ఆపేయాలా అని అక్కడ వాదించుకుంటున్నారు. అలాంటప్పుడు సీలు విప్పి చూసే హక్కు మాకుంది. ప్రొఫెసర్ గారు, నేను, కంపెనీ మనిషి ముగ్గురం కూర్చుని కాలిపా కవరు విప్పాం.

సుద్ద. మొదటి రోజు నుంచీ ఆమెది సుద్దే.

నాకు ఊపిరి వచ్చింది. అంటే ఇది మందు పని కాదు, ఆమెకి వేరే ఏదో కామెర్ల జబ్బు తగిలింది. ఆ ఇద్దరికీ అలాంటిదే అయి ఉంటుందని ప్రొఫెసర్ గారు వాదించారు. సుద్ద తిన్న మనిషికి కూడా కాలేయం చెడినప్పుడు మందుని ఎలా తప్పుపడతారని మన కాలిపా కాగితమే చూపించారు. మంగళవారం తేల్చేశారు, మాత్ర ఐదు దేశాల్లోనూ ఆగదు. కాలిపా కూడా సీసా మానక్కర్లేదు. సుద్ద ఏం చేస్తుంది. ఆమెని జిల్లా ఆసుపత్రిలో చూపించు, అంతే.

అమ్మ అరచేతుల దురద నాకు నచ్చలేదు. మధ్యాహ్నం వెలుతురులో కిటికీ దగ్గర కూర్చోబెట్టి, కింది రెప్ప లాగి, కళ్ళలో తెలుపు చూడు. చూసి వెంటనే రాయి.

బురులాయ్

*

సారీ-కుంగేయ్,
17 నవంబరు

బొగ్గు లారీ అతను ఇంకో గంటలో కిందికి వెళుతున్నాడు. పెట్టె కోసం ఆగను. ఇది నేరుగా నీ చేతికే ఇవ్వమని అతని చేత ఒట్టు వేయించుకున్నాను.

కాలిపాది సుద్ద కాదు. ఎవరిదీ సుద్ద కాదు, ఎవరిదీ మందు కాదు. అన్నీ కలిసిపోయాయి.

ఆ రోజు కాలిపా ఇంట్లో మాంసం తిన్నాం అని రాశాను కదా. మాంసం తిన్నాక టొక్తోబూబూ పెద్దమ్మ తన సీసా విప్పి గుడ్డ మధ్యలో గుమ్మరించింది. పక్కన ఉన్నామె కూడా గుమ్మరించింది. తర్వాత అందరూ. మూడువందల ముప్ఫై మాత్రలు రొట్టెల పక్కన తెల్లగా కుప్ప పడ్డాయి. గొర్రెని కోస్తే ఒకరికి తొడ, ఒకరికి గిట్ట ఇచ్చి పంపుతామా, ఇదీ అంతే, అందరికీ సగం మందు సగం సుద్ద వస్తుంది, ఎవరూ ఎవరి మొహం చూసి కుళ్ళుకోనక్కర్లేదు అన్నారు. నన్ను పంచమన్నారు. మాత్రలు లెక్కపెట్టే చేయి నాదే కదా.

నేను కాదనాలి. నోరు విప్పాను కూడా. అప్పుడు అత్తయ్య వైపు చూశాను. పై చోట కూర్చుని ఉంది. గుడ్డ మీద పంచేది ఏదైనా మొదటి వాటా ఆమెది. ఆమెని దాటి పంచడం ఈ ఊళ్ళో పుట్టిన ఎవరి వల్లా కాదు. పదకొండు మందికి పంచాల్సింది పన్నెండు వాటాలు చేశాను. తలా ఇరవై ఏడు వచ్చి ఆరు మిగిలాయి. మిగిలింది పెద్దావిడకే కదా, ఆ ఆరూ ఆమె వైపు జరిపాను. ఆ తర్వాతి షెరినె కాలిపా మరిది పెళ్ళి అని వాయిదా వేశారు, అప్పుడూ అంతే. ఒక్కో వాటాకి కొన్ని రోజులు తక్కువ పడ్డాయి, ఎవరూ చెప్పలేదు, నేను ఖాళీ అని రాసిచ్చాను.

అక్కడితో ఆగినా బాగుండేది. నీ అమ్మ చక్కెర దిగిందని ఊరంతా పాకింది. మీ అన్నయ్య పోయాక నవ్వని మనిషి నవ్వుతోంది, పొయ్యి దగ్గరికి వచ్చి నా రొట్టెకి వంకలు పెడుతోంది. అది చూసి వచ్చిన ప్రతి ఆడమనిషీ తన వాటాలోంచి నాలుగో ఐదో తీసి ఆమె జేబులో పోసి వెళ్ళేది. పెద్దావిడకి పెట్టకుండా తినకూడదని. రోజుకి మూడు వేసుకుంటోంది. నాకు ఒకటే అని చెప్పింది. నిన్న పాత చొక్కా ఉతకబోతే జేబులో దొరికాయి, అప్పుడు ఒప్పుకుంది.

మొన్న మొన్నటి దాకా నేను ఎందుకు రాయలేదంటే, నీ అన్న సమాధి మట్టి మీద చేయి పెట్టించి ఒట్టు వేయించుకుంది. నీ ఉద్యోగం పోతుందంది. అదొక్కటే కాదు. ఆమె నవ్వు ఆగిపోతుందేమోనని నాకే భయం వేసింది. అది నా స్వార్థం. నువ్వు సూటిగా అడిగినప్పుడు నేను వంకరగా రాశాను, రాస్తున్నప్పుడే తెలుసు.

నీ ఉత్తరం ఈ వేళ పొద్దున అందింది. కాలిపా కాగితం చూపించి మాత్ర ఆపలేదని చదివాక ఇంక కూర్చోలేకపోయాను. ఇల్లిల్లూ తిరిగి మాత్రలన్నీ లాక్కొచ్చి నా ఇనప్పెట్టెలో తాళం వేశాను.

కళ్ళు చూశాను. పాత వెన్న రంగులో ఉన్నాయి.

అనార్‌కుల్

*

బిష్కెక్,
18 నవంబరు

అనార్‌కుల్,

ఈ కాగితం తెచ్చిన జీపులోనే అమ్మని ఎక్కించు. పాస్ మూసే లోపు దాటాలి. వెనక సీటులో పడుకోబెట్టు. నొప్పి మాత్ర ఏదీ ఇవ్వొద్దు. కాలిపాని కూడా తీసుకురా. ఇనప్పెట్టెలోని మాత్రలు, ఆ చొక్కా జేబులో దొరికినవి వేరువేరుగా కట్టి తీసుకురా.

మిగతా విషయం నేను ఇప్పుడు మాట్లాడలేను.

బురులాయ్

*

బిష్కెక్,
14 డిసెంబరు

వదినా,

నువ్వు అమ్మని దించి ఐదో రోజున వెళ్ళిపోయావు. ఆ ఐదు రోజులూ మనం మందుల గురించి తప్ప మాట్లాడుకోలేదు. ఇప్పుడైనా ఈ ఉత్తరం రాయాలా వద్దా అని తేల్చుకోవడానికి నాకు వారం పట్టింది.

కాలిపా కోలుకుంటోంది, మాత్ర ఆపగానే లెక్కలు దిగాయి. అమ్మకి దిగలేదు. కడుపులో నీరు చేరింది. మాటలు తెలివిగానే ఉన్నాయి, నర్సులకి వంకలు పెడుతోంది. ఇక్కడి పెద్ద డాక్టరు నాకు కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. అంటే ఏమిటో నీకూ తెలుసు, మనమూ అలాగే చూపిస్తాం.

అసలు విషయానికి వస్తాను. నీ ఉత్తరం ప్రొఫెసర్ గారికి చూపించాను. ఆయన చదివి, "మీ అమ్మగారు మన లిస్టులో లేరు కదమ్మా. లేని మనిషికి జరిగింది మన కాగితాల్లోకి ఎందుకు తేవడం? ఊరు నియమం తప్పింది అని ఒక్క వాక్యం రాసి ఊరిని లెక్కలోంచి కొట్టేద్దాం. నీ ఉద్యోగం నిలబడుతుంది" అన్నారు. చెడ్డవాడు కాదు. నన్ను కాపాడాలనే అన్నారు.

సిగ్గుపడుతూనే చెబుతున్నాను, మూడు రోజులు ఆలోచించాను. ఊరిని కొట్టేస్తే కాలిపా కాగితం కూడా పోతుంది. అమ్మ అసలు లేనేలేదు. మంగళవారం తేల్చింది అలాగే నిలుస్తుంది. మిగతా నాలుగు దేశాల్లో ఆడవాళ్ళు ఆ మాత్ర మింగుతూనే ఉంటారు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసీ మూడు రోజులు. ఉద్యోగం ఒక్కటే కాదు. నియమం తప్పి ఊరివాళ్ళ మాత్రలు తిన్న ముసలావిడ అని అమ్మ గురించి పరాయి దేశాల వాళ్ళు చదువుకోవడం నాకు ఇష్టం లేదు.

నాలుగో రోజు అమ్మకే చెప్పాను. పూర్తిగా విని, "సిగ్గు నాది, రాసుకో. కాలేయం కూడా నాదేగా" అంది. తర్వాత దిండు సర్దమంది.

రాశాను. ప్రొఫెసర్ గారి సంతకం లేకుండా నా సంతకంతోనే పంపాను. కంపెనీ వాళ్ళు ఒక సాక్ష్యం అడుగుతున్నారు. ఎవరికి ఎన్ని మాత్రలు వెళ్ళాయో, పంచిన మనిషి సొంత చేతిరాతతో, అందరి పేర్లతో రాసి ఇవ్వాలి. అది లేకపోతే నాది ఒక కూతురి ఏడుపు కిందే జమ కడతారు.

పంచిన మనిషివి నువ్వే.

బురులాయ్

*

సారీ-కుంగేయ్,
3 జనవరి 2004

చదువులమ్మకి,

అలా పిలిచే హక్కు నాకింకా ఉందో లేదో. వేరేలా పిలవడం చేతకాదు.

ఆడవాళ్ళని పోగు చేశాను. సాక్ష్యం అనగానే గోడల్లా అయిపోయారు. తమకి మాట వస్తుందని కాదు. పెద్దావిడ పేరు పరాయివాళ్ళ కాగితం మీద దోషిలా ఎక్కించడమా, చస్తే ఒప్పుకోం అంది టొక్తోబూబూ పెద్దమ్మ. ఆమె ఏడుస్తూనే ఉంది. ఆ జేబులో అందరికంటే ఎక్కువ పోసింది తనే అని ఆమెకి తెలుసు.

నేను మాత్రం రాశాను. అంకెలన్నీ ఉన్నాయి, పదకొండు మంది పేర్లూ ఉన్నాయి. పన్నెండో చోట "మా అత్తయ్య" అని రాశాను. కోడలు అత్త పేరు ఎత్తదు, నీకు చెప్పాలా. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి ఆ పేరు నా నోటినుంచి రాలేదు. మెలిస్ కూతురిదీ అదే పేరని దాన్ని బుజ్జీ అనే పిలుస్తాను. ఇదైనా మిగుల్చుకోనీ. ఆమెకి నేను చేసిన దానికి, కనీసం ఈ మర్యాద.

ఎలా ఉంది? నన్ను అడుగుతోందా? అడగకపోతే అడగలేదనే రాయి.

వదిన

*

బిష్కెక్,
10 ఫిబ్రవరి

వదినా,

అమ్మ శోకపు గుడారంలో మూడు రోజులు, ఆచారం ప్రకారం, నీ పక్కనే గోడవైపు తిరిగి కూర్చున్నాను. నీ ఏడుపు నాకు వినిపించింది, నాది నీకు వినిపించింది. ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. అమ్మ నిన్ను అడిగింది. చివరి వారం రోజూ అడిగింది. అప్పుడు రాయలేదు, ఇప్పుడు రాస్తున్నాను. ఆ సంగతి దాచడం నా పగ తీర్చుకోవడమే.

నిన్ను నేను క్షమించలేదు. రెండు వారాల ముందు ఆ ఉత్తరం వచ్చి ఉంటే అని రోజూ లెక్క వేస్తాను. తర్వాత, సుద్ద ఏం చేస్తుంది అని రాసిన చేయి నాదే కదా అని గుర్తొస్తుంది. నన్నూ క్షమించుకోలేదు.

నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు. అది చిన్న విషయం. పెద్ద విషయం ఏమిటంటే, నీ సాక్ష్యం తిరిగి వచ్చింది. 'మా అత్తయ్య' అంటే ఎవరని అడుగుతున్నారు. పేరు లేని మనిషికి జబ్బు చేసిందనీ చచ్చిపోయిందనీ వాళ్ళ కాగితం ఒప్పుకోదు. ఈ నెల ఇరవై ఎనిమిదిన మళ్ళీ కూర్చుంటున్నారు. ఇంకో దేశంలో మూడో ఆమె పడింది. ముప్ఫై నాలుగేళ్ళు, ఇద్దరు పిల్లలు. నీ కాగితం ఆ రోజుకి అందకపోతే మాత్ర సాగుతుంది.

మిగిలిన పదకొండు మంది రక్తం కూడా కావాలి. జిల్లా నుంచి మనిషిని పంపుతామన్నారు, నేను ఒద్దన్నాను. నువ్వు తప్ప ఇంకెవరు తీసినా నేను నమ్మను.

బురులాయ్

*

సారీ-కుంగేయ్,
17 ఫిబ్రవరి

చదువులమ్మకి,

ఇంటికి తిరిగొచ్చిన కాలిపాదీ కలిపి పదకొండు గొట్టాలు పెట్టెలో ఉన్నాయి, చుట్టూ మంచు కూరాను. ఆ మూడో ఆమె సంగతి, ఇద్దరు పిల్లలు ఉన్నారన్న సంగతి చదివి వినిపించాను. టొక్తోబూబూ పెద్దమ్మ ముందుగా లేచి చేయి మడిచి చాచింది. తన కాగితం తనే రాసుకుంటానంది. కళ్ళజోడు కనపడక మనవరాలి చేత రాయించి వేలిముద్ర వేసింది. తర్వాత అందరూ వేశారు. అన్నీ ఇందులో ఉన్నాయి. మెలిస్ ఈసారి గుర్రంబండి మీద పాస్ దాకా వెళ్ళి, అవతల జీపు పట్టుకుంటాడు. ఇరవై ఎనిమిది లోపు అందుతుంది.

నా కాగితం మళ్ళీ రాశాను. నిన్న ఆమె సమాధి దగ్గరికి వెళ్ళి, ఏం చేయబోతున్నానో చెప్పి, క్షమించమని అడిగి వచ్చాను. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం అయింది. మూడు కాగితాలు చింపేశాను. నాలుగోది ఇది.

"నేను, సారీ-కుంగేయ్ ఊరి నర్సు అనార్‌కుల్, నా సొంత చేత్తో రాస్తున్నది. సెప్టెంబరు పదమూడున, మళ్ళీ అక్టోబరు ఇరవై మూడున, పరీక్షకిచ్చిన మాత్రలన్నీ ఒకచోట కలిపి పన్నెండు వాటాలు వేసి పంచింది నేను. పన్నెండో వాటా, పైన మిగిలినవి ఆరు, రెండుసార్లూ లిస్టులో లేని మనిషికి ఇచ్చాను. తర్వాత మిగతావాళ్ళు ఇచ్చినవి కలిపి ఆమె రోజుకి మూడు చొప్పున వేసుకుంది. నవంబరు పదిహేడున ఆమె కళ్ళు పచ్చబడి ఉండగా నేనే చూశాను. జనవరి ఇరవై నాలుగున ఆమె చనిపోయింది. ఆమె వయసు అరవై ఎనిమిది. ఆమె నా భర్త తల్లి.

ఆమె పేరు సైరకాన్."